ఉల్లిపాయ ఎర్రబడట్లేదు, తులసి టీకి ఉల్లి వాసన: ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా అత్తగారు ఆడపడుచు పురుడికని అమెరికా వెళ్లడంతో వంటంతా నా మీద పడింది. సన్నసెగ మీద ఎంతసేపు వేయించినా ఉల్లిపాయలు ఎర్రబడవు, ఉడికిపోయినట్టు మెత్తగా అయిపోతాయి. మొన్న ఉల్లికారం పెట్టి వంకాయ చేస్తే చేదొచ్చింది. ఇంకో సంగతి, డాబా మీద కుండీల్లో తులసి, పుదీనా, నిమ్మగడ్డి, వాము ఆకు పెంచుతున్నాను. అన్నీ ఎండలో ఎండబెట్టి, సమానంగా ఒకే సీసాలో కలిపి, పొయ్యి కింది అరలో ఉల్లిపాయల బుట్ట పక్కన పెట్టుకున్నాను. మొదట్లో టీ ఎండుగడ్డి వాసన వచ్చేది, ఇప్పుడైతే ఏకంగా ఉల్లిపాయ వాసన. మామయ్యగారికి బీపీ, షుగర్ ఉన్నాయి, ఈ టీ ఆయనకి రోజూ ఇవ్వొచ్చా? ఉల్లి తొక్కలతో టీ కాచుకుంటే మంచిదని వీడియోల్లో చెబుతున్నారు, నిజమేనా?

జవాబు: చెల్లెమ్మా, మీరు ఇవి రెండు వేర్వేరు సమస్యలనుకుని రాశారు గానీ నాకు రెండింట్లోనూ ఒకటే కనిపిస్తోంది. నీళ్లు. ఉల్లిపాయలో నీళ్లు పోకముందే ఎర్రబడాలని చూస్తున్నారు, ఆకులో నీళ్లు పూర్తిగా పోకముందే సీసాలో పెట్టి మూత బిగించారు. కాకపోతే ఉల్లిపాయలో నీళ్లని మంట మీద తరిమెయ్యాలి, ఆకులో నీళ్లని నీడలో మెల్లగా పోనివ్వాలి. మీ ఇంట్లో ఇది తిరగబడింది, ఉల్లిపాయకి సన్నసెగ పెట్టారు, ఆకుల్ని బెజవాడ ఎండలో వేశారు.

ముందు ఉల్లిపాయ సంగతి చూద్దాం. పచ్చి ఉల్లిపాయ బరువులో దాదాపు 89 శాతం నీళ్లే. పావుకిలో ముక్కలు బాండీలో వేశారంటే గ్లాసుడు నీళ్లు పోసినట్టే లెక్క. ఆ నీళ్లు ఆవిరైపోయేదాకా ముక్క వేడి 100 డిగ్రీలు దాటదు, రంగు తిరగడానికేమో అంతకంటే బాగా ఎక్కువ, 140 డిగ్రీల దరిదాపుల్లో వేడి కావాలి. అందుకే చిన్న గిన్నెలో అరకిలో ముక్కలు కుక్కేసి, మాడిపోతాయేమోనన్న భయంతో సిమ్‌లో పెట్టి, పైగా త్వరగా మగ్గుతాయని మూత కూడా పెట్టేస్తే అవి తమ నీళ్లలో తామే ఉడుకుతాయి. మీరు 'ఉడికిపోయినట్టు' అని రాశారు చూడండి, జరుగుతున్నది సరిగ్గా అదే. అంతేగానీ మీ చేతికి వంట రాదని దిగులు పడకండి.

అడుగు మందంగా, నోరు వెడల్పుగా ఉన్న బాండీ తీసుకోండి. నూనె బాగా కాగాక ముక్కలు వేసి పల్చగా పరవండి, కుప్పగా పడితే రెండు వాయిలుగా వేయించండి. మొదటి ఐదారు నిమిషాలు మూత లేకుండా పెద్దమంట మీదే ఉండాలి, మీరు గరిటె పట్టుకుని అక్కడే నిలబడాలి. ఈ దశలో కంటికంటే చెవికే ఎక్కువ తెలుస్తుంది. వెయ్యగానే సుయ్‌మని గట్టిగా తడి చప్పుడు వస్తుంది, తెల్లగా ఆవిరి లేస్తుంది. నీళ్లు తగ్గేకొద్దీ ఆ చప్పుడు సన్నబడి చిటపటలాడటంలోకి మారుతుంది, ఆవిరి పల్చబడుతుంది, ముక్క అంచుల్లో లేత బంగారు రంగు కనిపిస్తుంది. మంట తగ్గించాల్సింది అప్పుడు, అంతకు ముందు కాదు. అక్కడినుంచి మామూలు కూరకైతే ఇంకో ఏడెనిమిది నిమిషాలు చాలు. మాంసం కూరకో కుర్మాకో ముదురు ఎరుపు కావాలంటే మాత్రం మొత్తం మీద అరగంట, ఒక్కోసారి నలభై నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాల్లో ఎర్రగా వేగిపోతాయని ఎవరు చెప్పినా నమ్మకండి, వీడియోలో ఐదు నిమిషాలే చూపిస్తారు, మిగతాది కత్తిరించేస్తారు. మధ్యలో అడుగంటుతున్నట్టుంటే రెండు చెంచాల నీళ్లు చిలకరించి గరిటెతో గీకండి, అడుగున పట్టిన ఆ గోధుమరంగు పొరలోనే కూరకి కావాల్సిన రుచంతా ఉంటుంది. వంటసోడా చిటికెడు వేస్తే త్వరగా ఎర్రబడతాయన్న మాట నిజమే గానీ ముక్క జావగా అయిపోతుంది, కాస్త ఎక్కువైతే సబ్బు రుచి తగులుతుంది. ఇంట్లో నలుగురికి వండుకునే వంటకి అది అక్కర్లేదు.

ఉప్పు ఎప్పుడు వెయ్యాలన్నది మీరు అడగలేదు గానీ ఇక్కడే చెప్పేస్తాను. ఉప్పు ముక్కలోని నీళ్లని బయటికి లాగుతుంది. ముక్క కరిగిపోయి గ్రేవీలో కలిసిపోవాలంటే మొదట్లోనే వెయ్యండి. పలావు మీద చల్లుకోవడానికి కరకరలాడేలా కావాలంటే అసలు వెయ్యొద్దు. పకోడీకి మాత్రం ఆ నీళ్లే కావాలి, చీలికలకి ఉప్పు రాసి చేత్తో గట్టిగా పిసికి పది నిమిషాలు పక్కన పెడితే ఊరిన తడితోనే శనగపిండి, కాస్త బియ్యప్పిండి కలిసిపోతాయి, చుక్క నీళ్లు పొయ్యక్కర్లేదు. తరగడం కూడా లెక్కలోకి వస్తుంది. వేరు వైపు నుంచి మొన వైపుకి నిలువుగా తరిగితే ముక్క ఆకారం నిలుస్తుంది, అడ్డంగా తరిగితే త్వరగా కరుగుతుంది. ఏ రకంగా తరిగినా అన్నీ ఒకే మందం ఉండాలి, లేకపోతే సన్నవి మాడేసరికి లావువి పచ్చిగానే ఉంటాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఏడాది పొడుగునా దొరికేది ఒకే ఉల్లిపాయ కాదు. మనకి వానాకాలం పంటగా కర్నూలు నుంచి వచ్చే ఉల్లిపాయ సెప్టెంబరు మొదలుకుని డిసెంబరు దాకా మార్కెట్లో కనిపిస్తుంది. దాంట్లో నీరెక్కువ, పైపొర పల్చన, నిల్వ ఉండదు. మహారాష్ట్ర నుంచి వచ్చే రబీ ఉల్లిపాయ మార్చి నుంచి మే దాకా తవ్వుతారు, బాగా ఆరబెడతారు కాబట్టి నాలుగైదు నెలలు నిల్వ ఉంటుంది, వేపుడికి అదే బాగుంటుంది. కాళేశ్వరరావు మార్కెట్లో గానీ పటమట రైతు బజార్లో గానీ కొనేటప్పుడు ఉల్లిపాయ మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి. గట్టిగా, పూర్తిగా ఎండి మూసుకుపోయి ఉంటే తీసుకోండి. మెత్తగా, చెమ్మగా తగిలితే లోపల నీరెక్కువ, ఇంటికొచ్చిన వారంలో కుళ్లు మొదలవుతుంది. అలాంటిదే దొరికిన రోజున వేపుడు మానేసి పులుసు పెట్టండి.

పులుసు అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త చెప్పాలి. పులుపు తగిలాక ఉల్లిపాయ మెత్తబడటం దాదాపు ఆగిపోతుంది. చింతపండు రసం తొందరపడి పోసేసి, తర్వాత ఎంతసేపు మరిగించినా ముక్క కసకసలాడుతూనే ఉంటుంది. చిన్న ఉల్లిపాయల పులుసుకి పాయల్ని తొక్కతీసి, చిదమకుండా నూనెలో దోరగా వేయించి, కాసిన్ని నీళ్లు చల్లి మూతపెట్టి మెత్తబడనిచ్చాకే పులుసు పొయ్యండి, చివర్లో బెల్లం ముక్క వెయ్యండి. టమాటాకీ ఇదే వర్తిస్తుంది. ఉల్లిపాయ వేగకముందే టమాటా వేసేస్తే నీళ్లూ పెరుగుతాయి, పులుపూ తగులుతుంది, ఇక ఆ ఉల్లిపాయ ఎప్పటికీ ఎర్రబడదు. మీ కూరల్లో సగం గొడవ ఇదేనేమోనని నా అనుమానం.

ఉల్లికారం చేదెక్కడం గుంటూరు జిల్లా ఇళ్లలో చాలామంది ఎదుర్కొనేదే, అదీ మిక్సీలు వచ్చాక. ఉల్లిపాయని కోసినప్పుడో నూరినప్పుడో లోపలి కణాలు చితికి, అప్పటిదాకా విడివిడిగా ఉన్నవి కలిసి గంధకపు ఘాటు పుడుతుంది, కళ్లలో నీళ్లు తెప్పించేదీ ఆ బాపతే. రోట్లో కచ్చాపచ్చాగా దంచితే కొంతే చితుకుతుంది. మిక్సీలో మెత్తటి పేస్టు చేస్తే ఒక్క కణం మిగలదు, ఘాటంతా ఒక్కసారే బయటపడుతుంది. ఆ ముద్దని అలా గిన్నెలో ఉంచేస్తే, ఇంకా ఫ్రిజ్‌లో దాచి మర్నాడు వాడితే, చేదు రాకుండా ఎలా ఉంటుంది? అందుకని ఇలా చెయ్యండి. ఎనిమిది పది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర సన్నసెగ మీద వెచ్చచేసి, ఉప్పు, ఉసిరికాయంత చింతపండుతో కలిపి ముందు ఆ పొడినే తిప్పండి. తర్వాత ఆరు వెల్లుల్లి రెబ్బలు, పెద్దముక్కలుగా కోసిన నాలుగు ఉల్లిపాయలు వేసి మిక్సీ బటన్ నొక్కి వదిలి, నొక్కి వదిలి, నాలుగైదు సార్లలో ఆపెయ్యండి. పంటికి తగలాలి. వెంటనే వంకాయల్లో కూరి పొయ్యి మీద పెట్టండి. మెత్తటి గ్రేవీయే కావాలనుకుంటే ఉల్లిపాయల్ని ముందు చెంచా నూనెలో మగ్గబెట్టి, చల్లారాక రుబ్బండి, చేదు రాదు, కాస్త తియ్యగా కూడా ఉంటుంది. ఒకవేళ ఇప్పటికే నూరిన పచ్చిముద్ద ఇంట్లో ఉంటే నూనె కాస్త ధారాళంగా వేసి, పచ్చివాసన పోయి నూనె పైకి తేలేదాకా ఓపిగ్గా వేయించండి, కొంత దారికొస్తుంది. వెల్లుల్లి మాడినా చేదే వస్తుంది, తాలింపులో అది ముందు పడకుండా చూసుకోండి.

ఇక మీ టీ.

సీసాకి ఉల్లివాసన ఎలా పట్టిందో మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించినట్టు లేరు. ఆకులూ ఉల్లిపాయల బుట్టా పొయ్యి కింది అరలోనే ఉన్నాయని మధ్యలో ఒక వాక్యంలో రాశారు. ఎండిన ఆకు పక్కనున్న వాసనల్ని పీల్చేసుకుంటుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి, ఇంగువ, ఆవకాయ, వీటిలో ఏదున్నా ఆ అరలో టీ ఆకు ఉండకూడదు. ప్లాస్టిక్ డబ్బాలు అసలొద్దు, ఎంత కడిగినా పాత వాసన వదలవు. గాజుసీసా, బిగుతైన మూత, వెలుతురు పడని అర, అదీ వంటింట్లో కాకపోతే మరీ మంచిది. బీరువా పక్కన అరలో పెట్టుకున్నా ఫర్వాలేదు. ఉల్లిపాయలకి కూడా ఆ పొయ్యి కింద వేడి మంచిది కాదు, గాలి ఆడే బుట్టలో, బంగాళాదుంపలకి దూరంగా ఉంచండి. రెండూ కలిపి పెడితే రెండూ త్వరగా పాడవుతాయి.

ఇప్పుడున్న సీసా తీసి కంపోస్టు కుండీలో వేసెయ్యండి. బాధగానే ఉంటుంది, మీరు నీళ్లు పోసి పెంచుకున్న మొక్కలు కదా, కానీ ఉల్లివాసన పట్టిన ఆకు మళ్లీ మామూలుగా అవ్వదు, పైగా దాంట్లో వాము ఆకు కూడా కలిపారు. వాము ఆకు దళసరిగా, నీళ్లతో నిండి ఉంటుంది, పైకి ఎండినట్టు కనిపించినా లోపల తడి మిగిలిపోతుంది, ఆ తడితో సీసా మొత్తానికి బూజు పడుతుంది. దాన్ని ఎప్పుడూ పచ్చిగానే వాడండి, దగ్గుకి రెండాకులు నీళ్లలో మరిగించుకోవడానికో, వాన పడుతుంటే బజ్జీలకో. మొక్క డాబా మీదే ఉంది కదా, ఎండబెట్టే పనేముంది?

మిగతా మూడింటికీ ఎండ వద్దు. తులసిలో యూజినాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్, మన వంటింటి పుదీనాలో కార్వోన్, మనం ఇష్టపడే వాసనంతా ఈ నూనెలదే, వేడి తగిలితే నీళ్లతో పాటు అవీ ఎగిరిపోతాయి. మే నెలలో మన డాబా మీద ఆరబెడితే పూట గడిచేసరికి ఆకు పెళపెళలాడుతుంది నిజమే, కానీ మిగిలేది గోధుమరంగు గడ్డి. మీకొచ్చిన ఎండుగడ్డి వాసన ఇదే. పొద్దున్నే మంచు ఆరాక, ఎండ ముదరకముందు కొయ్యండి. మొక్క పూతకి రాకముందు ఆకులో వాసన ఎక్కువ, కాబట్టి తులసి వెన్నులు వస్తున్నప్పుడల్లా తుంచేస్తూ ఉండండి, గుబురుగా కూడా పెరుగుతుంది. కోటలో పూజించే తులసిని శుక్రవారమనీ ఏకాదశనీ ముట్టుకోని ఇళ్లుంటాయి, మీ ఇంట్లోనూ ఆ పట్టింపు ఉంటే టీ కోసం వేరే కుండీలో రెండు మొక్కలు పెట్టుకోండి, అత్తగారు తిరిగొచ్చాక మాట రాకుండా ఉంటుంది. ఆకుల్ని కడిగి, విదిలించి, పాత నూలు చీర మీద ఒక్క పొరగా పరిచి ఫ్యాన్ కింద పెట్టండి. నిమ్మగడ్డిని దుబ్బుకి నాలుగంగుళాలు వదిలి పైది కోసి, కత్తెరతో అర అంగుళం ముక్కలు చెయ్యండి. వేసవిలో రెండు మూడు రోజులు చాలు, జులై, ఆగస్టుల్లో గాలిలో తేమ వల్ల వారం పట్టినా పట్టొచ్చు.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి ఆకుని చూసి లాభం లేదు, కాడని చూడండి. వేళ్ల మధ్య వంచితే పుటుక్కున విరగాలి. వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. సీసాలో పోశాక వారం రోజులు రోజూ ఒకసారి గాజు లోపలివైపు చూడండి, ఎక్కడైనా మసగ్గా ఆవిరి పట్టినట్టుంటే మళ్లీ తీసి ఆరబెట్టండి. బూజు కనిపిస్తే మాత్రం ఏరి బాగున్నది వాడుకుందామనుకోవద్దు, అంతా పారెయ్యాలి.

కలపడం దగ్గర మీరు చేసిన పొరపాటు అన్నీ సమానంగా వెయ్యడం. ప్రతి టీకీ ఒక ఆకు పెద్దరికం తీసుకోవాలి, మిగతావి దాన్ని మోయాలి. తులసి, పుదీనా రెండూ గట్టి వాసనలే, సమానంగా పడితే పోట్లాడుకుంటాయి, నోటికి కషాయంలా తగులుతుంది. అందుకే ఒక్కో ఆకుని ఒక్కో సీసాలో విడిగా దాచుకోండి, కాచుకునేటప్పుడు కలుపుకోండి. పొద్దుటి పూటకి నిమ్మగడ్డి మూడు పాళ్లు, తులసి ఒక పాలు, చిటికెడు శొంఠి బాగుంటుంది, పాలూ పంచదారా లేకుండానే తాగాలనిపిస్తుంది. భోజనం తర్వాతకి పుదీనా రెండు పాళ్లు, చిదిమిన సోంపు ఒక పాలు. గోంగూర పచ్చట్లో పచ్చి ఉల్లిపాయ నంజుకుని తిన్న రోజున ఇది తాగి చూడండి, నోరంతా తేలికపడుతుంది. ఆ వాసన పోవాలంటే ముందు రెండు పచ్చి పుదీనా ఆకులు నమలడం ఇంకా మేలు. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లకి మాత్రం పుదీనా పడదు, అన్నవాహిక కింద ఉండే కండరాన్ని వదులు చేసి మంట పెంచుతుంది. వాళ్లు సోంపుతో సరిపెట్టుకోవాలి. రంగు ఇష్టమైతే గోడ మీద నీలి శంఖుపుష్పం పాకించండి, ఐదారు పూలు వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది, నిమ్మరసం పిండగానే ఊదా రంగుకి తిరుగుతుంది. రుచి అంటూ పెద్దగా ఉండదు, నిమ్మగడ్డి తోడు కావాలి. పిల్లలకి మాత్రం భలే సరదా.

కప్పు నీళ్లకి ఎండాకు ఒక చెంచా, పచ్చాకైతే మూడు చెంచాలు. ఆకుని మరిగించకండి, నీళ్లు మరిగాక స్టవ్ ఆపి, ఆకు వేసి, మూతపెట్టి ఐదారు నిమిషాలు ఉంచండి. మూత తీసినప్పుడు దాని లోపలివైపు ముక్కు పెట్టి చూడండి, తులసి వాసన అక్కడుంటుంది. మూత పెట్టకపోతే ఆ వాసనంతా వంటింట్లోకి పోతుంది, కప్పులో మిగలదు. అల్లం, దాల్చినచెక్క, నిమ్మగడ్డి లావు కాడలు, వీటిని మాత్రం ముందే నీళ్లలో వేసి ఏడెనిమిది నిమిషాలు మరిగించాలి, ఆకు చివర్లో.

మామయ్యగారి సంగతికొస్తే ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెప్తాను. నిమ్మగడ్డి, తులసి, పుదీనా పల్చటి టీ రోజుకి ఒకటి రెండు కప్పులు చాలామందికి ఇబ్బంది పెట్టదు. అయినా ఆయన వేసుకునే మందుల చీటీ డాక్టరుకి చూపించి, ఈ ఆకులు తాగుతున్నారని చెప్పి అడగండి, ముఖ్యంగా రక్తం పల్చబడే మందులు వాడుతుంటే తులసి గురించి తప్పకుండా అడగాలి. టీలో తేనె, బెల్లం వేస్తే షుగర్ ఉన్నవాళ్లకి పంచదార వేసినట్టే, అందులో మినహాయింపు లేదు. బయట కొనే కొన్ని హెర్బల్ టీ పొడుల్లో తీపి కోసం అతిమధురం కలుపుతారు, ప్యాకెట్ వెనక చదవండి, అది ఎక్కువైతే బీపీని పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. ఆయనకి అది వద్దు. తిప్పతీగ కూడా వద్దు. కోవిడ్ రోజుల్లో రోజూ తిప్పతీగ కషాయం తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ల గురించి ముంబయి డాక్టర్లు 2021లో ప్రచురించారు. ఇంకొకటి, షుగర్ ఉందనగానే వాకింగ్‌లో కలిసేవాళ్లో పక్కింటివాళ్లో బిళ్లగన్నేరు ఆకు నమలమనో కాచుకోమనో చెప్తారు. క్యాన్సర్ మందులైన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ తీసేది ఆ మొక్క నుంచే, అంత తీక్షణమైన పదార్థాలున్న ఆకుని కొలతా పాడూ లేకుండా ఇంట్లో కాచుకోవడం ప్రమాదం. మంచి మనసుతోనే చెబుతారు, అయినా వినకండి. ఏ టీ తాగినా బీపీ, షుగర్ మాత్రలు ఆపడం మాత్రం జరగకూడదు. మీకు గానీ ఇంట్లో ఎవరికి గానీ కడుపుతో ఉన్న రోజుల్లో ఈ ఆకుల టీలేవీ డాక్టర్ని అడక్కుండా తాగొద్దు.

ఉల్లి తొక్కల టీ నేనైతే తాగను, మిమ్మల్నీ తాగమనను. తొక్కలో క్వెర్సెటిన్ అనే పదార్థం బాగా ఉందన్నది నిజమే. కానీ మన మార్కెట్లో ఉల్లిపాయ తొక్క తీస్తే మొదటి పొర మీద మసిలాంటి నల్లటి పొడి ఎన్నిసార్లు చూసుంటారు? అది బూజు. దాంతోపాటు పొలంలో చల్లిన మందులూ, గోతాల దుమ్మూ అన్నీ ఉండేది ఆ తొక్క మీదే. అదే క్వెర్సెటిన్ మీరు రోజూ తినే ఉల్లిపాయ పైపొరల్లోనూ ఉంది, అందుకే తొక్క తీసేటప్పుడు బద్ధకించి రెండు మూడు మంచి పొరలు కూడా లాగెయ్యకుండా పల్చగా తీయండి. తొక్కలు కంపోస్టుకి బాగా పనికొస్తాయి, నూలుబట్టకి పటికతో కలిపి ఉడికిస్తే పసుపుకీ నారింజకీ మధ్య మంచి రంగు దిగుతుంది. మొలకొచ్చిన ఉల్లిపాయలుంటే పారెయ్యకుండా ఒక కుండీలో పాతండి, ఉల్లికాడలు వస్తాయి.

తొక్కల బదులు నేను చెప్పే ఎర్రటీ ఒకటుంది, అది మన దగ్గరే ఉన్నా ఎందుకో మన గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్లం పట్టించుకోం. గోంగూర. ఎర్రకాడ గోంగూర మొక్కని రోజూ ఆకు దూసేసి పీకెయ్యకుండా ఒకటి రెండు పూత దాకా వదిలితే, పువ్వు రాలాక కాయ చుట్టూ ఉండే రేకులు దళసరిగా, ఎర్రగా, పుల్లగా ఉబ్బుతాయి. ఈజిప్టు, సూడాన్‌లలో కర్కడే అని తాగేది ఈ రేకుల టీనే. అన్ని గోంగూర రకాలకీ ఆ రేకులు అంత దళసరిగా రావు, విత్తనం అడిగేటప్పుడు ఎర్రకాయ గోంగూరని అడగండి. పువ్వు రాలిన రెండు మూడు వారాలకి, రేకులు ఇంకా లేతగా పెళుసుగా ఉన్నప్పుడే కోసి, లోపలి గింజల కాయ తీసేసి, రేకుల్ని నీడలో ఆరబెట్టాలి. చెంచాడు రేకులు, కాస్త నిమ్మగడ్డి, రెండు గ్లాసుల వేడినీళ్లు, పది నిమిషాలు మూత. చల్లార్చి ఎండాకాలం కుండనీళ్లతో కలిపి తాగితే దాహం తీరుతుంది. పాలు కలిపితే విరిగిపోతాయి. పులుపు కాబట్టి అల్యూమినియం గిన్నె, కళాయి లేని ఇత్తడి గిన్నె వాడకండి, స్టీలు గానీ గాజు గానీ తీసుకోండి. ఇది బీపీని కొంచెం తగ్గిస్తుంది, అందుకే మామయ్యగారు మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టి డాక్టర్ని అడిగేదాకా ఆయనకి ఇవ్వొద్దు, మీరు తాగండి.

పగలు తగ్గే రోజుల్లోనే పూసే మొక్క అది, జూన్, జులైలో విత్తనం వేస్తే కార్తీకం నాటికి కాయలు చేతికొస్తాయి. పెద్ద కుండీ కావాలి, మనిషెత్తు పెరుగుతుంది. మొక్కకి మొక్కకి రెండడుగుల ఎడం ఉంచండి, పిండినల్లి పట్టకుండా వేపనూనె నీళ్లలో కలిపి చల్లండి. పూత మొదలయ్యాక మాత్రం చల్లడం ఆపెయ్యండి, ఆ రేకులే కదా మీరు కాచుకునేది.